సంతకం పెట్టే ముందు: అట్రాసిటీ కేసు కాగితాల్లో ఇంగ్లీషు, తరచూ వచ్చే ప్రశ్నలు

పల్నాడు పల్లెల్లో తిట్టు తెలుగులోనే పడుతుంది. దెబ్బ తిన్న మనిషి స్టేషన్లో చెప్పుకునేదీ తెలుగులోనే. ఆ తర్వాత కాగితం నడిచే దారిలో భాష మారిపోతుంది. చట్టం మాటలు ఇంగ్లీషు. గాయాల సర్టిఫికెట్ ఇంగ్లీషు. రిమాండ్ రిపోర్టు, ఛార్జిషీటు చాలాసార్లు ఇంగ్లీషు. గురజాల, మాచర్ల, నరసరావుపేట దాటి అమరావతిలోని హైకోర్టుకు చేరేసరికి అంతా ఇంగ్లీషే. రాజ్యాంగం 348వ అధికరణం ప్రకారం హైకోర్టు, సుప్రీంకోర్టుల భాష అదే. అంటే, ఏ వాడలో అన్యాయం జరిగిందో ఆ వాడవాళ్లకు సరిగా రాని భాషలో వాళ్ల కేసు తేలుతుంది.

అందుకే ఇంగ్లీషు వ్యాకరణం మనకు ఉద్యోగ పరీక్షల గైడు పుస్తకం విషయం మాత్రమే కాదు. ఒక విభక్తి లాంటి చిన్న మాట, ఒక కామా, ఒక పెద్దక్షరం కేసును నిలబెట్టగలవు, పడగొట్టగలవు కూడా. ఫిర్యాదులు రాసిపెట్టే యువకులు, డిగ్రీ చదివే విద్యార్థులు, గ్రామాల నుంచి వార్తలు పంపేవాళ్లు తరచూ అడిగే ప్రశ్నలకు మేం ఇక్కడ జవాబులు కూర్చాం. ఇది ఇంగ్లీషు నేర్పే పాఠం కాదు. ఏ మాట దగ్గర ఆగి చూడాలో చెప్పే కాగితం. పక్కన పెట్టుకుని వాడుకోవచ్చు.

1. ఫిర్యాదు ఇంగ్లీషులో ఇస్తేనే బలమా?

కాదు. మొదట తెలుసుకోవాల్సింది ఇదే. 1966 అధికార భాషా చట్టం ప్రకారం ఈ రాష్ట్రంలో అధికార భాష తెలుగు. ఫిర్యాదు రాసి ఇవ్వొచ్చు, నోటితోనూ చెప్పొచ్చు. నోటితో చెబితే అధికారి రాసుకోవాలి, చదివి వినిపించాలి, ఎఫ్ఐఆర్ కాపీ ఉచితంగా ఇవ్వాలి. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ నాగరిక సురక్షా సంహిత 173వ సెక్షన్ చెప్పేది ఇదే.

ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం (1989) ఇంకో అడుగు ముందుకు వేసింది. సెక్షన్ 4లో అధికారి విధులను ఒక్కొక్కటిగా లెక్కపెట్టింది. సంతకం తీసుకునే ముందు చదివి వినిపించడం ఒక విధి. కాపీ వెంటనే ఇవ్వడం ఒక విధి. ఏ పత్రాన్నయినా సరిగా తయారు చేయడం, సరిగా అనువదించడం కూడా ఒక విధి. ఈ చివరిది చాలామందికి తెలియదు. మీ తెలుగు మాటను ఇంగ్లీషులోకి సరిగా మార్చడం అధికారి చేసే మేలు కాదు, చట్టం పెట్టిన బాధ్యత. ఎస్సీ, ఎస్టీ కాని ప్రభుత్వోద్యోగి ఈ విధుల్ని కావాలని నిర్లక్ష్యం చేస్తే ఆరు నెలల నుంచి ఏడాది దాకా జైలు ఉంది. అయితే పరిపాలనా విచారణ జరిగి, దాని సిఫారసు వచ్చాకే అభియోగం నమోదు చేస్తారు.

అందుకని తెలుగు బాగా వచ్చి ఇంగ్లీషు అంతంతమాత్రంగా వచ్చినవాళ్లు తెలుగులోనే రాయండి. తప్పుల ఇంగ్లీషు కంటే సూటి తెలుగు కేసుకు మేలు.

2. "ఫిల్తీ లాంగ్వేజ్" అని రాశారు. అది చాలదా?

చాలదు. స్టేషన్ కాగితాల్లో అరిగిపోయిన మాట ఇది. "నన్ను కులం పేరు పెట్టి తిట్టాడు" అని తెలుగులో చెబితే, ఇంగ్లీషులోకి వచ్చేసరికి "అబ్యూజ్డ్ ఇన్ ఫిల్తీ లాంగ్వేజ్" అవుతుంది. అంటే బూతులు తిట్టాడని. బూతులు ఎవరైనా ఎవరినైనా తిట్టొచ్చు. అందులో కులం లేదు. కులం పోతే సెక్షన్ 3(1)(ఎస్) నిలబడదు. ఆ సెక్షన్ అడిగేది "బై కాస్ట్ నేమ్" తిట్టాడా అని. ఇక్కడ "బై" అనే చిన్న మాట "పేరుతో" అనే అర్థాన్ని మోస్తోంది.

చేయాల్సింది ఏమిటంటే, నోటి నుంచి వచ్చిన మాటను వచ్చినట్టే తెలుగులో, కొటేషన్ గుర్తుల మధ్య రాయడం. సిగ్గుపడి వదిలేయొద్దు, మర్యాద మాటగా మార్చొద్దు. సిగ్గుపడాల్సింది తిట్టినవాడు. ఇంగ్లీషు ప్రతిలో కూడా ఆ తెలుగు మాట అలాగే ఉండి, దాని అర్థం పక్కన ఉండాలని అడగండి. కొటేషన్ గుర్తులకు కోర్టులో ఒక విలువ ఉంది. ఇది నా మాట కాదు, వాడు అన్న మాట అని అవి చెబుతాయి.

3. "పబ్లిక్ ప్లేస్" అన్నా "ప్లేస్ వితిన్ పబ్లిక్ వ్యూ" అన్నా ఒకటేనా?

ఒకటి కాదు. సెక్షన్ 3(1)(ఆర్), 3(1)(ఎస్) రెండింటిలోనూ ఉన్నది రెండో మాట. మొదటిదానికి అర్థం బహిరంగ స్థలం. బస్టాండు, బజారు, పంచాయతీ ఆఫీసు లాంటివి. రెండోదానికి అర్థం జనం కంటపడే చోటు. ఆ చోటు ఎవరిదన్నది ప్రశ్న కాదు. అక్కడ జరిగింది జనానికి కనపడుతుందా, వినపడుతుందా అన్నదే ప్రశ్న.

2008లో స్వరణ్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు ఈ తేడాను విడదీసి చెప్పింది. ఇంటి గేటు దగ్గర, ఆపి ఉన్న కారు పక్కన నిలబడ్డ మనిషిని కులం పేరుతో తిట్టారన్నది అక్కడి ఆరోపణ. ఇల్లు సొంత స్థలమే అయినా, గేటు జనం కంటపడే చోటేనని కోర్టు చెప్పింది. 2020లో హితేష్ వర్మ కేసులో మాత్రం నాలుగు గోడల మధ్య, బయటివాళ్లెవరూ లేనిచోట అన్న మాటలకు ఈ సెక్షన్ వర్తించదని చెప్పింది.

మన ఊళ్లకు వర్తింపజేసుకుంటే, భూస్వామి సొంత మిరప కల్లంలో పది మంది కూలీల ముందు తిడితే అది బహిరంగ స్థలం కాకపోవచ్చు, జనం కంటపడే చోటు అవుతుందని వాదించడానికి ఆధారం ఉంది. కాబట్టి ఫిర్యాదులో "ఆయన పొలంలో తిట్టాడు" అని ఆపేయొద్దు. ఎక్కడ నిలబడి ఉన్నారు, దారి ఎంత దూరం, అప్పుడు చుట్టూ ఎవరున్నారు, ఎవరు విన్నారు అన్నవి రాయండి. బంధువులు కాని సాక్షుల పేర్లు ఉంటే తప్పక రాయండి. ఇంగ్లీషు ప్రతిలో "పబ్లిక్ ప్లేస్" అని మార్చి రాస్తే, చట్టంలో ఉన్న మాటే రాయమని చెప్పండి.

4. "ఆన్ ది గ్రౌండ్ దట్" తీసేసి "నోయింగ్ దట్" పెట్టారంటారు. మనకేం ఒరిగింది?

చాలా ఒరిగింది. ఈ చట్టం చరిత్రలో ఒక మాట మార్పు ఇంత పని చేసిన చోటు ఇంకొకటి చూపించడం కష్టం. సెక్షన్ 3(2)(వి) ప్రకారం, శిక్షాస్మృతిలో పదేళ్లు, అంతకంటే ఎక్కువ శిక్ష పడే నేరం దళితుల మీద, ఆదివాసుల మీద జరిగితే యావజ్జీవం పడుతుంది. పాత వాక్యంలో "ఆన్ ది గ్రౌండ్ దట్" అని ఉండేది. అంటే బాధితులు ఎస్సీ లేదా ఎస్టీ అన్న కారణం మీద నేరం చేసి ఉండాలి. కారణం నేరస్థుడి మనసులో ఉంటుంది. దాన్ని బయటికి లాగి రుజువు చేయడం బాధితుల తలకు చుట్టుకునేది.

ఈ మాట ఏం చేసిందో మన రాష్ట్రం కేసులోనే కనపడుతుంది. కర్నూలు జిల్లాలో 2011లో పుట్టు అంధురాలైన ఎస్సీ యువతి మీద అత్యాచారం జరిగింది. పటాన్ జమాల్ వలీ వర్సెస్ స్టేట్ ఆఫ్ ఆంధ్రప్రదేశ్ పేరుతో ఆ కేసు సుప్రీంకోర్టుకు వెళ్లింది. 2021 ఏప్రిల్ 27న తీర్పు వచ్చింది. అత్యాచార నేరానికి పడిన యావజ్జీవ శిక్షను కోర్టు ఖాయం చేసింది. అట్రాసిటీ చట్టం కింద పడిన శిక్షను మాత్రం కొట్టేసింది. కులం కారణంగా నేరం జరిగిందనడానికి సాక్ష్యం లేదన్నది. అదే తీర్పులో ఇంకో ముఖ్యమైన సంగతి కూడా చెప్పింది. "గ్రౌండ్" అంటే "ఒకే ఒక్క కారణం" అని చదవకూడదు, కులం, స్త్రీత్వం, అంగవైకల్యం ఒకే మనిషి మీద కలిసి పని చేస్తాయని. "ఓన్లీ" అనే మాట చట్టంలో లేదు. దాన్ని చదివేవాళ్లు తమ తలలోంచి తెచ్చి అతికించకూడదు.

2015 సవరణ ఆ వాక్యాన్ని మార్చింది. 2016 జనవరి 26 నుంచి "నోయింగ్ దట్" అమల్లోకి వచ్చింది. అంటే బాధితుల కులం తెలిసి నేరం చేస్తే చాలు. కారణం కులమేనని చూపించాల్సిన పని లేదు. ఆ కర్నూలు నేరం సవరణకు ముందు జరిగింది కాబట్టి ఈ కొత్త మాట దానికి అందలేదు.

దీనితోపాటే సెక్షన్ 8కి ఇంకో ముక్క కలిపారు. నిందితుడికి బాధితులతోనో వాళ్ల కుటుంబంతోనో స్వయంగా పరిచయం ఉంటే, కులం తెలుసునని కోర్టు అనుకోవాలి. తెలియదని చూపించుకునే బరువు నిందితుడిదే. పల్లెలో ఎవరిది ఏ వాడో తెలియనివాళ్లు ఉండరు. అయినా ఆ సంగతి కాగితం మీద ఉండాలి. "మాది ఒకే ఊరు, మా నాన్న వాళ్ల పొలంలో ఇన్నేళ్లు పాలేరుగా చేశాడు, మా కులం అతనికి తెలుసు" అనే ఒక్క వాక్యం ఫిర్యాదులోనే రాయండి. అది తర్వాత గుర్తుచేసుకుని చెప్పే మాట కాకూడదు.

5. "షల్", "మే" మధ్య తేడా ఏమిటి?

బడిలో ఈ రెంటినీ భవిష్యత్ కాలం, అనుమతి అని నేర్పుతారు. చట్టంలో వీటి పని వేరు. "షల్" అంటే చేయాలి. "మే" అంటే చేయవచ్చు, అంటే మానేయనూ వచ్చు. కొన్ని సందర్భాల్లో కోర్టులు ఒకదాన్ని ఇంకోదానిలా చదివిన మాట నిజమే. మామూలుగా మాత్రం ఈ లెక్కే.

2018 మార్చి 20న సుభాష్ కాశీనాథ్ మహాజన్ కేసులో సుప్రీంకోర్టు, అట్రాసిటీ ఫిర్యాదు వస్తే డీఎస్పీ ముందుగా ప్రాథమిక విచారణ జరపవచ్చని చెప్పింది. అక్కడున్నది "మే". "చేయవచ్చు" అనే మాట స్టేషన్ స్థాయికి దిగేసరికి ఎన్ని ఫిర్యాదుల్ని పక్కన పెట్టడానికి పనికొస్తుందో అందరికీ అర్థమైంది. ఏప్రిల్ 2న దేశమంతా దళితులు బంద్ చేశారు. ఆ ఏడాదే పార్లమెంటు 18ఎ సెక్షన్ చేర్చింది. ఎఫ్ఐఆర్ నమోదుకు ప్రాథమిక విచారణ "షల్ నాట్ బి రిక్వైర్డ్", అంటే అవసరం ఉండరాదు. 2020 ఫిబ్రవరి 10న సుప్రీంకోర్టు ఈ సవరణను సమర్థించింది. ఒక "మే"ను తీసి "షల్ నాట్" పెట్టడానికి వీధుల్లోకి రావాల్సి వచ్చింది.

సాక్షులకూ బాధితులకూ రక్షణ కల్పించే సెక్షన్ 15ఎ కూడా "షల్" మీదే నడుస్తుంది. రక్షణ ఏర్పాట్లు రాజ్యం విధి, బాధ్యత అని అందులో ఉంది. అడిగేటప్పుడు ఆ సెక్షన్ నంబరు వేసి అడగండి.

6. అర్జీలో "బెగ్ టు", "హంబుల్లీ", "డూ ది నీడ్‌ఫుల్" రాయాలా?

అక్కర్లేదు. "ఐ బెగ్ టు స్టేట్", "యువర్ మోస్ట్ ఒబీడియంట్ సర్వెంట్" అన్నవి దొరల కాలం కచేరీల నుంచి మిగిలిన మాటలు. ఇంగ్లండులో ఎప్పుడో పోయాయి, మన అర్జీల్లో ఇంకా బతికి ఉన్నాయి. తరాల తరబడి చేతులు కట్టుకుని నిలబడమన్న సమాజంలో, కాగితం మీద కూడా చేతులు కట్టుకోవాల్సిన పని లేదు. మర్యాదకు "ఐ రిక్వెస్ట్" చాలు. చివర "యువర్స్ ఫెయిత్‌ఫుల్లీ" చాలు.

"డూ ది నీడ్‌ఫుల్"తో ఉన్న ఇబ్బంది వేరు. అది తప్పు ఇంగ్లీషని నవ్వేవాళ్లుంటారు. వాళ్ల సంగతి వదిలేద్దాం. అసలు ఇబ్బంది, అది ఏమీ అడగదు. చేయాల్సింది చేయండి అంటే అధికారి ఏం చేసినా చేసినట్టే. సోమవారం నరసరావుపేట కలెక్టరేట్‌లో పీజీఆర్ఎస్‌కు ఇచ్చే అర్జీ అయినా సరే, కావాల్సింది లెక్కపెట్టి రాయండి. శ్మశానం స్థలం సర్వే చేయించాలి, ఫలానా తేదీన ఇచ్చిన అర్జీ మీద ఏం చేశారో రాతపూర్వకంగా చెప్పాలి, ఇలా. ఒక్కో కోరికకు ఒక్కో నంబరు. నంబరు వేసిన ప్రశ్నను తప్పించుకోవడం కష్టం.

7. "యూజ్డ్ టు" అని రాయొచ్చా? "సిన్స్", "ఫర్" ఎక్కడ?

తెలుగువాళ్లం ఎక్కువగా జారే చోటు ఇదే. "తిట్టాడు" అనడానికి "యూజ్డ్ టు అబ్యూజ్" అని రాసేవాళ్లున్నారు. దాని అర్థం "తిడుతూ ఉండేవాడు". ఒక రోజు, ఒక గంటకు జరిగిన నేరం, ఎప్పుడో పాత రోజుల్లో జరుగుతుండిన అలవాటుగా మారిపోతుంది. అవతలి వకీలు అడిగే మొదటి ప్రశ్న "ఏ తేదీన?" అని. ఒకసారి జరిగితే "అబ్యూజ్డ్" అని రాసి, తేదీ, వేళ, చోటు వేయండి. నిజంగానే ముందు నుంచి వేధిస్తుంటే దాన్ని విడి పేరాలో రాయండి.

"పదేళ్ల నుంచి" అన్నది నేరుగా "సిన్స్ టెన్ ఇయర్స్" అయిపోతుంది. ఇంగ్లీషులో "సిన్స్" తర్వాత మొదలైన సమయం రావాలి, "ఫర్" తర్వాత గడిచిన కాలం రావాలి. "సిన్స్ 2009", "ఫర్ టెన్ ఇయర్స్". అసైన్డ్ భూమి ఎవరి స్వాధీనంలో ఎప్పటి నుంచి ఉందన్న వివాదంలో, పట్టా ఇచ్చిన ఏడాది వేసి "సిన్స్" వాడటం మంచిది. "పదేళ్లు" అన్నది కాగితం పాతబడే కొద్దీ అబద్ధమవుతుంది. ఏడాది మారదు.

ఇంకో మూడు చిన్నవి. "ఐ యామ్ బిలాంగ్స్ టు" కాదు, "ఐ బిలాంగ్ టు". తెలుగులో "నేను ఎస్సీని" అన్నప్పుడు క్రియ ఉండదు, అందుకే ఇంగ్లీషులో ఒకటికి రెండు పెడతాం. "డిడ్ నాట్ కేమ్" కాదు, "డిడ్ నాట్ కమ్". భూతకాలాన్ని "డిడ్" ఒక్కటే మోస్తుంది. మేనమామ, బాబాయి, పెదనాన్న, పక్కింటి పెద్దాయన అందరూ ఇంగ్లీషులో "అంకుల్" అయిపోతారు. సాక్షి చుట్టమా కాదా అన్నది కేసులో ముఖ్యం కనుక, మేనమామ అయితే "మదర్స్ బ్రదర్" అని విప్పి రాయండి.

8. కామా అంత ముఖ్యమా?

అమెరికాలోని మెయిన్ రాష్ట్రంలో పాల డెయిరీ డ్రైవర్లు ఓవర్‌టైం జీతం కోసం కేసు వేశారు. ఓవర్‌టైం వర్తించని పనుల జాబితా ఒకటి ఆ రాష్ట్ర చట్టంలో ఉంది. జాబితా చివర ఒక కామా లేదు. "ప్యాకింగ్" ఒక పని, "డిస్ట్రిబ్యూషన్" ఇంకో పనా, లేక రెండింటి కోసం చేసే ప్యాకింగే ఒక పనా అన్నది తేలలేదు. 2017లో అప్పీళ్ల కోర్టు, అర్థం రెండు రకాలుగా ఉన్నప్పుడు కార్మికుల పక్షానే చదవాలంది. మరుసటి ఏడాది 50 లక్షల డాలర్లకు రాజీ కుదిరింది.

మన కాగితాల్లో కామా పనిచేసేది నిందితుల పేర్ల దగ్గర. "ఏ1, బ్రదర్ ఆఫ్ ఏ2 అండ్ ఏ3, కేమ్" అంటే వచ్చింది ఒక్కడే, అతను మిగిలిన ఇద్దరికీ అన్నదమ్ముడు. రెండో కామా తీసేస్తే వచ్చింది ఒకడా, ఇద్దరా అన్న సందేహం మొదలవుతుంది. ఇలాంటి సందేహం లాభం నిందితుడికే పోతుంది. పరిష్కారం సులువు. ఒక్కొక్కరి పేరు ఒక్కో వరుసలో, నంబరు వేసి, ఎవరి చేతిలో ఏముంది, ఎవరు ఎవరిని ఎక్కడ కొట్టారు అన్నది విడివిడి వాక్యాల్లో రాయాలి. పొట్టి వాక్యానికి కామాతో పని తక్కువ.

"ఆర్", "అండ్" దగ్గరా ఆగండి. సెక్షన్ 3(1)(ఆర్)లో ఉన్నది "ఇన్సల్ట్స్ ఆర్ ఇంటిమిడేట్స్". అవమానించినా చాలు, బెదిరించినా చాలు. రెండూ జరగక్కర్లేదు. అయితే అవమానపరిచే ఉద్దేశం మాత్రం రెండింటికీ ఉండాలి.

9. "వర్ అటాక్డ్" అని వార్తలో రాస్తే తప్పేంటి?

వ్యాకరణం ప్రకారం తప్పు లేదు. కర్మణి వాక్యం అది. చేసినవాడిని దాచిపెట్టగలగడం దాని గుణం. "దళితులపై దాడి జరిగింది" అన్నా అంతే. దాడి దానంతటదే వానలా కురవదు. ఎవరు చేశారో తెలియనప్పుడు ఈ వాక్యం సరే. తెలిసినప్పుడు కర్తను ముందు పెట్టి రాయాలి.

"క్లాష్ బిట్వీన్ టూ గ్రూప్స్" ఇంకా ప్రమాదం. రెండు వర్గాల మధ్య ఘర్షణ అనగానే ఇద్దరూ సమానంగా కొట్టుకున్నట్టు అవుతుంది. 1985 జులై 17న కారంచేడులో ఆరుగురు దళితులను చంపారు. 1991 ఆగస్టు 6న చుండూరులో ఎనిమిది మందిని నరికి చంపారు. వీటిని ఘర్షణ అనడం అబద్ధం. మారణకాండ అన్నదే సరైన మాట, ఇంగ్లీషులో "మ్యాసకర్". కౌంటర్ కేసు పెట్టడానికి కూడా ఈ "క్లాష్" అనే మాటే మెట్టవుతుంది.

"అలెజ్డ్" గురించి కూడా చాలామంది బాధపడతారు. మమ్మల్ని నమ్మట్లేదనే కదా అని. కాదు. కోర్టు తేల్చేదాకా ఫలానా మనిషి చేశాడని వార్తలో ఖాయంగా రాయకూడదు కనుక ఆ మాట వాడతారు. దాన్ని పెట్టే చోటు ముఖ్యం. "చేశాడన్న ఆరోపణ" దగ్గర పెట్టాలి. విరిగిన చేతికి, కాలిన ఇంటికి "అలెజ్డ్" తగిలించకూడదు. గాయం ఆరోపణ కాదు, ఆసుపత్రి కాగితం మీద ఉంది.

10. "దళిత్" రాయాలా, "షెడ్యూల్డ్ కాస్ట్" రాయాలా? పెద్దక్షరం ఎందుకు?

రెండు మాటల పని వేరు. షెడ్యూల్డ్ కాస్ట్ చట్టం మాట. 341వ అధికరణం కింద 1950లో వచ్చిన రాష్ట్రపతి ఉత్తర్వులోని జాబితా నుంచి అది వస్తుంది. ఫిర్యాదులో, సర్టిఫికెట్లో ఇదే ఉండాలి. పక్కన ఉపకులం పేరు మాల, మాదిగ, రెల్లి అని సర్టిఫికెట్‌లో ఉన్న స్పెల్లింగుతోనే ఉండాలి. ఆ ఉత్తర్వు హిందువులకే పరిమితమై మొదలై, 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు విస్తరించింది. క్రైస్తవంలోకి వెళ్లిన దళితులు అందులో లేరు. వాళ్లు ఎస్సీలు కారు కానీ దళితులే. కాబట్టి "దళిత్" విశాలమైన మాట, పోరాటం ఇచ్చిన మాట. ఒకదాని బదులు ఇంకోటి వాడితే ఎవరో ఒకరు వాక్యంలోంచి జారిపోతారు.

2018 ఆగస్టులో కేంద్ర సమాచార, ప్రసార శాఖ ప్రైవేటు టీవీ ఛానళ్లకు "దళిత్" మాట వాడొద్దని, రాజ్యాంగ పదమే వాడాలని సూచన పంపింది. మా దృష్టిలో, ప్రభుత్వ పత్రానికి చట్టం మాట, జనం వార్తకు జనం పెట్టుకున్న మాట. "హరిజన్" మాత్రం రెండు చోట్లా వద్దు. అది పైనుంచి పెట్టిన పేరు. "లోయర్ కాస్ట్" కూడా వద్దు. పైనా కిందా అని మనమే ఒప్పుకున్నట్టు అవుతుంది.

పెద్దక్షరం సంగతి. ఇంగ్లీషులో ఒక జనం పేరు పెద్దక్షరంతో మొదలవుతుంది. "దళిత్"కు చిన్న డి పెడితే అది "అణగారిన" అనే విశేషణం, పెద్ద డి పెడితే ఒక జనం పేరు. 2020 జూన్‌లో అసోసియేటెడ్ ప్రెస్ వార్తాసంస్థ "బ్లాక్" అనే మాటను అమెరికా నల్లజాతివాళ్ల విషయంలో పెద్ద బితో రాయాలని నియమం మార్చుకుంది. అక్కడి వాదనా ఇదే. అది రంగు పేరు కాదు, ఒక జనం పేరు అని.

చాలామంది అడిగే ఇంకొక చిన్న ప్రశ్న, ఎస్సీ ముందు "ఎ" రావాలా, "యాన్" రావాలా అని. రాసే అక్షరాన్ని బట్టి కాదు, పలికే ధ్వనిని బట్టి చూడాలి. "ఎస్సీ" అచ్చుతో మొదలవుతుంది కాబట్టి "యాన్ ఎస్సీ ఉమన్". పూర్తిగా విప్పితే "ఎ షెడ్యూల్డ్ కాస్ట్ ఉమన్". అలాగే "యాన్ ఎఫ్ఐఆర్". బహువచనానికి చివర ఎస్ ఒక్కటి చాలు, పైన అపాస్ట్రఫీ అక్కర్లేదు. అపాస్ట్రఫీ పెడితే "ఎస్సీ యొక్క" అవుతుంది.

11. మా ఇంగ్లీషు చూసి నవ్వుతారు. ఏం చేయాలి?

ఏ భాషయినా గుమ్మం దగ్గర కాపలావాళ్లను పెట్టుకుంటుంది. 1895లో వినుకొండలో పుట్టిన గుర్రం జాషువాకు ఆ కాపలా ఛందస్సు రూపంలో ఎదురైంది. పద్యం నీ సొత్తు కాదన్నవాళ్ల ముందే ఆయన పద్యాన్ని తన చేతిలోకి తీసుకున్నాడు. 1941లో వచ్చిన "గబ్బిలం"లో ఆ పద్యంతోనే అంటరానితనం మీద ఫిర్యాదు చేశాడు. మన తరానికి ఆ గుమ్మం ఇంగ్లీషు. 2019లో ప్రభుత్వ బడుల్లో ఇంగ్లీషు మీడియం తెస్తూ ఇచ్చిన జీవోలను 2020 ఏప్రిల్ 15న హైకోర్టు కొట్టేసింది. మాతృభాషా, ఇంగ్లీషా అన్న చర్చ ఇప్పటికీ నడుస్తోంది. ఆ చర్చ ఎటు తేలినా, కోర్టు కాగితం మాత్రం ఈ రోజు ఇంగ్లీషులోనే ఉంది. దాన్ని చదవగలిగినవాళ్లు వాడకు ఒక్కరైనా ఉండాలి.

ఇంగ్లీషు తప్పులు రెండు రకాలు. "ప్రీపోన్", "కజిన్ బ్రదర్" లాంటివి నవ్వు తెప్పించొచ్చు కానీ ఎవరికీ నష్టం చేయవు. "యూజ్డ్ టు", "పబ్లిక్ ప్లేస్", జారిపోయిన కామా మనిషికి నష్టం చేస్తాయి. మొదటి రకానికి సిగ్గుపడకండి. రెండో రకాన్ని వదిలిపెట్టకండి.

సంతకానికి ముందు చూసుకోవాల్సినవి

రాసింది మొత్తం తెలుగులో చదివి వినిపించమనండి. వినకుండా వేలిముద్ర కూడా వేయొద్దు.

తిట్టిన మాట యథాతథంగా ఉందా? కులం పేరు ఉందా?

చోటు, వేళ, అక్కడున్న బయటి మనుషుల పేర్లు ఉన్నాయా?

మీ కులం నిందితులకు ఎలా తెలుసో ఒక వాక్యం ఉందా?

ఒక్కొక్క నిందితుడు ఏం చేశాడో విడిగా ఉందా?

మీ పేరు, కులం పేరు సర్టిఫికెట్‌లో ఉన్నట్టే ఉన్నాయా?

తప్పు కనపడితే దిద్దించి, దిద్దిన చోట సంతకం పెట్టండి. ఎఫ్ఐఆర్ కాపీ తీసుకుని కదలండి.

స్టేషన్లో తీసుకోకపోతే, అదే ఫిర్యాదును జిల్లా ఎస్పీకి పోస్టులో పంపొచ్చు. 1995 నియమాల్లో 5వ నియమం ఆ దారి చూపించింది. రసీదు దాచండి. దర్యాప్తు డీఎస్పీ స్థాయికి తగ్గని అధికారి చేయాలన్నది 7వ నియమం. అట్రాసిటీల మీద జాతీయ హెల్ప్‌లైన్ 14566కు డబ్బు ఖర్చు లేకుండా ఫోన్ చేయొచ్చు, తెలుగులోనే మాట్లాడొచ్చు.